కుడివైపు బల్బు

పంపు గొంతు మారితే పంపులక్కకు ఇంట్లో కూరగాయలు తరుగుతున్నా తెలిసిపోతుందని ఆ ప్రయోగశాలలో ఒక వేళాకోళం ఉంది. వేళాకోళమే గానీ మరీ అబద్ధమేమీ కాదు. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో పంపులకు నూనె మార్చేదీ, బెల్టులు బిగించేదీ, అలిగిన వాటిని బుజ్జగించేదీ ఆవిడే. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా లేదు. మంగళవారం పొద్దున కూడా తలుపు దగ్గరే ఆగి చెవి ఒగ్గింది. పంపు మామూలుగానే సణుగుతోంది. కోటు తొడుక్కుని లోపలికి వెళ్లింది.

గదిలో పొడుగాటి బల్ల. దాని మీద పొడుగాటి మనిషి పడుకున్నంత గాజు గొట్టం. ఒక చివర నుంచి కంటికి కనబడని తరంగాలు దూరి మరో చివర బయటికి వస్తాయి. గొట్టంలో నింపిన ఆవిరి వాటిలో దేన్ని మింగితే కంప్యూటర్ తెర మీద అక్కడ ఒక గీత లేస్తుంది. పుడుతున్న నక్షత్రాల చుట్టూ తిరిగే ఆవిరి కూడా అవే గీతల్ని పంపుతుంది. ఇక్కడి గీతల్నీ అక్కడి గీతల్నీ పక్కపక్కన పెట్టి చూసి, అక్కడ ఏముందో ఎంతుందో చెబుతారు. ఇక్కడ తప్పితే అక్కడా తప్పుతుంది.

గొట్టం మొదట్లో బుడ్డిలా గుండ్రంగా ఉన్న రెండు గాజు బల్బులు, ఒక్కోదానికీ గొట్టానికీ మధ్య ఒక్కో గాజు కుళాయి. ఎడమదానిలో నమూనా ఉంచుతారు. కుడిది ఎప్పుడైనా మరో వాయువు కలపాల్సి వస్తే పనికొస్తుందని. గొట్టం, బల్బులు, కుళాయిలు అన్నీ ఆవిడ భర్త చేసినవే. మంట ముందు కూర్చుని, బుగ్గలు పూరించి, నోటితో ఊది చేసినవి. ఆయన్ని అందరూ గాజు మాస్టారు అనేవారు.

ఆవిడ వేడి చేసే టేపు తీసుకుని గొట్టం చుట్టూ చుట్టడం మొదలుపెట్టింది. గాజు పొడిగా కనిపిస్తుందే గానీ దాని ఒంటికి ఎప్పుడూ కాస్త తడి అంటుకునే ఉంటుంది. వేడి చేస్తూ పంపుతో లాగితే గానీ ఆ తడి వదలదు. ఎడమ బల్బుకు మూడు చుట్లు చుట్టింది. కుడి బల్బు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే పక్కకు తప్పుకుంది. టేపు కింద పెట్టి, మెత్తటి గుడ్డతో ఆ బల్బు మీది దుమ్ము తుడిచింది. తర్వాత రోజువారీ పుస్తకం తెరిచి, ‘కుడి బల్బు: పంప్ చేశాను, కాల్చాను’ అన్న గడిలో టిక్కు పెట్టింది. ఏడు నెలలుగా ప్రతిసారీ అలాగే పెడుతోంది.

ఏడు నెలల కిందట ఆ బల్బు పగిలితే మాస్టారు గొట్టాన్ని బల్ల మీద నుంచి కదపకుండానే కొత్తది అతికారు. బల్బు కింద చిన్న ముక్కు లాంటిది ఉంచి, దానికి రబ్బరు ట్యూబు తగిలించి, చివరిసారిగా ఊది గుండ్రం సరిచేసి, ఊదిన చోటే మంటతో మూసేశారు. ‘వేడిగా ఉంది, దీన్ని ముట్టుకోకు. రేపు పంప్ చేద్దువుగాని’ అన్నారు. ఆ రేపటికి ఆయన లేరు.

కాబట్టి బల్బులో ఉన్నది ఆయన ఊపిరి. బతుకంతా గాలి తోడే పని చేసిన మనిషికి, అందులో ఉన్నది మామూలు గాలీ కాస్త తేమా అని ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తెలుసు. తెలిసీ ఆ కుళాయి తిప్పలేకపోయింది. తిప్పితే పంపు ఒక్క గుక్కలో లాగేస్తుంది.

“అక్కా, నా కొంప మునిగింది.”

తలుపు తోసుకుని వచ్చింది పిచ్చుక. ఇక్కడ పరిశోధన చేసే అమ్మాయి. రోజంతా బిస్కెట్లు కొరక్కుండా గిల్లి గిల్లి తింటుంటే మాస్టారే ఆ పేరు పెట్టారు. ఈ పొద్దు చేతిలో బిస్కెట్ లేదు, ఒక కాగితం ఉంది.

“ఏమైందే?”

“నా బరువు మిథనాల్ గీతల్ని వేరే ల్యాబు వాళ్లు కూడా కొలిచారంట. వాళ్లకి వచ్చిన దానిలో నావి సగమే ఉన్నాయంట. చాలా మర్యాదగా రాశారు. తిట్టినా బాగుండేది.”

“సగమేమిటి?”

“బలం సగం. గీతలు ఉండాల్సినంత ఎత్తు లేవు.” పిచ్చుక స్టూలు మీద కూలబడింది. “ఇక్కడ నేను సగం కొలిచాను గాబట్టి అక్కడ నక్షత్రం దగ్గర రెట్టింపు ఉందని రాశాను. అంత బరువు మిథనాల్ ఉందంటే పుట్టకముందు ఎంతో చలిలో ఉండి ఉంటుందని కూడా రాశాను. ఆ చలంతా నా కల్పనేనన్నమాట.”

ఈ చలి కథ పంపులక్కకు కంఠతా వచ్చు. నక్షత్రం పుట్టకముందు అక్కడంతా చీకటి, గడ్డ కట్టే చలి. ధూళి రేణువుల మీద మంచు పేరుకుంటుంది. మామూలు హైడ్రోజన్‌కు ఒక అన్న ఉన్నాడు, బరువు హైడ్రోజన్. మామూలుగా చాలా అరుదు. చలి ముదిరిన కొద్దీ మాత్రం ఆ మంచులో తయారయ్యే మిథనాల్ లాంటి అణువుల్లోకి వాడే ఎక్కువెక్కువగా వచ్చి చేరతాడు. నక్షత్రం వెలిగి వెచ్చబడగానే మంచు ఆవిరై ఆ బరువు అణువులన్నీ బయటికి వస్తాయి. వాటిని లెక్కపెడితే వెనకటి చలి ఎంతో చెప్పొచ్చు. పిచ్చుక మొదటిసారి ఇదంతా చెప్పినప్పుడు మాస్టారు, “అంటే పుట్టిన బిడ్డను చూసి, కడుపులో ఉన్నప్పుడు చలేసిందా నాన్నా అని అడగడమేగా” అన్నారు. ఆ మాటను పిచ్చుక తన ఉపన్యాసాల్లో వాడుకుని చప్పట్లు కొట్టించుకుంది కూడా.

“శుక్రవారం మీటింగంట,” అంది పిచ్చుక. “నన్ను ఉంచాలా పంపాలా అన్నది కూడా ఆ రోజే తేలుస్తారంట. పెద్దసార్ చెప్పేశారు.”

“నువ్వేం తప్పు చేశావని?”

“అదే నాకూ తెలీడం లేదు. మూడుసార్లూ తాగించానక్కా. ఒట్టు.”

తాగించడమంటే గాజుకు భారజలం, అంటే బరువు హైడ్రోజన్ ఉన్న నీరు, తాగించడం. ఈ మిథనాల్‌లో బరువు హైడ్రోజన్ ఆక్సిజన్ పక్కన ఉంటుంది. కార్బన్ పక్కన ఉన్నదైతే ఎవరు లాగినా రాదు. ఆక్సిజన్ పక్కన ఉన్నది అలా కాదు, మామూలు నీటి తడి తగిలితే చాలు, చోటు మార్చేసుకుంటుంది. బరువుది పోతుంది, మామూలుది వచ్చి కూర్చుంటుంది. అందుకే ముందుగా గాజును కాల్చి, తడి లాగేసి, భారజలం ఆవిరిని మూడుసార్లు పట్టించి, ఆ తర్వాతే నమూనా వదలాలి. ఇది తప్పితే గంటల్లో సగం నమూనా మామూలు మిథనాల్ అయిపోతుంది.

“ఒకటి అడుగుతాను, కోప్పడకు,” అంది పిచ్చుక. “గొట్టంలో ఒత్తిడి గంటగంటకీ కొంచెం పెరుగుతోంది. ఎక్కడో కారుతోంది. బయటి గాలిలో తేమ ఉంటుందిగా. కుడి బల్బు అతుకు... అదేగా కొత్తది. మాస్టారు అప్పటికే బాగా నీరసంగా ఉన్నారు కదా...”

“ఆయన అతుకు కారదు,” అంది పంపులక్క, పుల్ల విరిచినట్టు.

“కారిందని కాదక్కా. ఏమోనని.”

“కారదని చెప్పానుగా. రేపు పరీక్ష చేస్తాను. నువ్వే చూద్దువుగాని.”

బుధవారం హీలియం బండను దొర్లించుకుని వచ్చింది. పరీక్ష తేలికే, ఓపిక కావాలి. గొట్టాన్ని కారుడు పట్టే యంత్రానికి తగిలించి, సన్నటి గొట్టంతో ఒక్కో అతుకు మీదా హీలియం ఊదుకుంటూ పోవాలి. ఎక్కడ సందున్నా హీలియం దూరుతుంది, యంత్రం కీచుమంటుంది. పంపులక్క ఒక చివర నుంచి మొదలుపెట్టింది. పిచ్చుక అంకె చూస్తూ కూర్చుంది.

“ఇక్కడ?”

“కదల్లేదు.”

“ఇక్కడ?”

“ఊహూ.”

కుడి బల్బు అతుకు దగ్గర ఆవిడ కావాలనే ఎక్కువసేపు నిలిపింది. చుట్టూ తిప్పి తిప్పి ఊదింది. మూసిన ముక్కు దగ్గర ఊదింది. యంత్రం నోరు మెదపలేదు. ఆవిడ ముఖంలో గర్వం వచ్చింది, దాచుకోలేదు కూడా.

“చూశావుగా?”

“చూశాను.” పిచ్చుక గొంతు సన్నబడింది. “అంటే ఇక మిగిలింది నేనేగా. బయటి నుంచి ఏమీ రావడం లేదు, కాల్చడం, పంప్ చేయడం నీ పుస్తకంలో రాసి ఉంది. మిగిలింది తాగించడం. అది నేను చేసిందే.”

పంపులక్క యంత్రం విప్పే వంకతో వంగింది. వంగినప్పుడు కుడి బల్బు కుళాయి కంటికి ఎదురుగా వచ్చింది. కిటికీ వెలుతురు దాని మీద పడుతోంది.

గాజు కుళాయి తిరిగేచోట పలచగా గ్రీజు పూస్తారు. రోజూ తిప్పుతూ ఉంటే గ్రీజు అద్దంలా ఉంటుంది. నెలల తరబడి తిప్పకుండా వదిలేస్తే ఎండి పాయలు తీస్తుంది. ఆ కుళాయిలో, ఈ పక్క నుంచి ఆ పక్కకు, వెంట్రుకంత పాయలు రెండు తిన్నగా కనబడుతున్నాయి. ఒక కొస బల్బు వైపు. రెండో కొస గొట్టం వైపు.

హీలియం పరీక్షకు బయటి సందులే తెలుస్తాయి. లోపలి బల్బులోంచి లోపలి గొట్టంలోకి కారితే ఏ యంత్రమూ అరవదు. ఏడు నెలలుగా ఆయన ఊపిరి తడి వెంట్రుకంత పాయల్లోంచి పిచ్చుక నమూనాలోకి కారుతూనే ఉంది. ఆవిడ ఎంతకాలం దాచుకుంటే అంతకాలం కారింది.

“ఏంటక్కా, అలా ఉండిపోయావు?”

“నడుం పట్టేసింది,” అంది పంపులక్క.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వసారాలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మాస్టారి తల్లి. కళ్లు సరిగ్గా ఆనవు, చేతులు మాత్రం ఊరుకోవు. ఆ ఇద్దరాడవాళ్లూ ఆరు నెలలుగా అవసరమైన మాటలే మాట్లాడుకుంటున్నారు. మందులేసుకున్నారా, వేసుకున్నాను, తలుపు గడియ వేశావా, వేశాను. దానికి కారణం ఒక చొక్కా. మాస్టారు ఆఖరి రోజు వేసుకున్నది, కాలరు మీద మసి మరకతో సహా బీరువాలో దాచుకుంది కోడలు. ఒక రోజు పని నుంచి వచ్చి చూస్తే అది తీగ మీద ఆరుతోంది. శుభ్రంగా, తెల్లగా, సబ్బు వాసనతో. పంపులక్క ఆ రోజు అనకూడని మాటలు అంది. అత్తగారు తిరిగి ఒక్క మాట అనలేదు, ఉతికానని మాత్రం ఒప్పుకుంది.

“ముఖం అలా ఉందేం?” అంది అత్తగారు.

“ఏం లేదు.”

“అన్నం తిన్నావా?”

“తిన్నాను.” తినలేదు.

గురువారం పని చేయలేదనే చెప్పాలి. మూడుసార్లు గ్రీజు డబ్బా చేతిలోకి తీసుకుంది, మూడుసార్లు అలమారలో పెట్టేసింది. కొత్త గ్రీజు పూయాలంటే కుళాయి ఊడదీయాలి. ఊడదీస్తే లోపలిది పోతుంది. పక్క గదిలో పిచ్చుక భారజలం సీసాలు లెక్కపెట్టుకుంటోంది, తాను నిజంగా మూడుసార్లు తాగించినట్టు రుజువు దొరుకుతుందేమోనని. దొరకదు. తాగించినట్టు రాసుకున్న కాగితం ఉన్నా, రాసింది తనే గనక ఎవరూ నమ్మరు. పంపులక్క రాసింది మాత్రం అందరూ నమ్ముతారు. ఇరవై రెండేళ్లలో ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం లేదని పెద్దసార్ కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటారు.

శుక్రవారం మీటింగు చిన్న గదిలో జరిగింది. పెద్దసార్, ఆఫీసు నుంచి ఒకాయన, పిచ్చుక, పంపులక్క. పెద్దసార్ చెడ్డవాడు కాదు. గట్టిగా అరవడు, ఎవరినీ ఎద్దేవా చేయడు. గీతలున్న కాగితాన్ని బల్ల మీద పరిచి, ఒక గీత చుట్టూ ఎర్ర సున్నా చుట్టాడు.

“ఇది మామూలు మిథనాల్ గీత. మొదటి గంటలో లేదు. నాలుగో గంటకు ఇంత, ఎనిమిదో గంటకు ఇంత. అంటే మామూలు నీరు ఎక్కడి నుంచో వచ్చింది. ఎక్కడి నుంచమ్మా?”

“నాకు తెలీదు సార్,” అంది పిచ్చుక.

“గొట్టం కారడం లేదని పరీక్షలో తేలింది కదా.”

“అవును సార్.”

పెద్దసార్ రోజువారీ పుస్తకం తిప్పాడు. వేలు పెట్టి ఒక్కో వరుసా దిగాడు. “ఎడమ బల్బు, పంప్ చేశారు, కాల్చారు. కుడి బల్బు, పంప్ చేశారు, కాల్చారు. ప్రతి రోజూ ఉంది.” తలెత్తి, గొంతు మర్యాదగా మార్చాడు. “అడగాలి కాబట్టి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇవన్నీ చేశారు కదా?”

పంపులక్క ఎర్ర సున్నాలోని గీతను చూస్తోంది. సన్నగా, నిటారుగా ఉంది. మామూలు హైడ్రోజన్, ఆయన ఊపిరి తడిలోంచి వచ్చినది. ఇంతకాలం బల్బులో ఉందనుకున్నది ఇక్కడ కాగితం మీద ఉంది, దాని చుట్టూ తప్పని సున్నా ఉంది.

“చేశాను సార్,” అంది.

పిచ్చుక ఆవిడ వైపు చూసింది. అనుమానంతో కాదు. అక్క చేశానంది గనక చేసే ఉంటుంది, అయితే తప్పు తనదే అయి ఉండాలి అన్న చూపు. ఆ చూపుకు పంపులక్క ముఖం చెల్లక తల దించుకుంది.

“మూడుసార్లూ తాగించాననే అనుకుంటున్నాను సార్,” అంది పిచ్చుక. మంగళవారం ఒట్టు వేసిన పిల్ల, శుక్రవారానికి అనుకుంటున్నాను దగ్గరికి వచ్చింది. “ఒకవేళ అలసిపోయి ఎప్పుడైనా...”

ఆఫీసాయన రాసుకున్నాడు. వ్యాసం వెనక్కి తీసుకోవాలి. ఈ నెలాఖరుతో ఆ అమ్మాయి పని ముగుస్తుంది. పెద్దసార్ నిజంగానే బాధపడుతూ, “ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయమ్మా” అన్నాడు. మధ్యాహ్నానికి పిచ్చుక సొరుగు ఖాళీ చేయడం మొదలుపెట్టింది. సగం తిన్న బిస్కెట్ పొట్లాలు నాలుగు బయటపడ్డాయి. ఒకటి పంపులక్క బల్ల మీద పెట్టి, “నీ దగ్గర ఉంచుకో అక్కా, మెత్తబడిపోయాయి గానీ పారేయబుద్ధి కావడం లేదు” అని నవ్వబోయి, నవ్వలేక వెళ్లిపోయింది.

సాయంత్రం పంపులక్క ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా అత్తగారి ఎదురుగా గచ్చు మీద కూర్చుంది.

“ఆ చొక్కా ఎందుకు ఉతికారు అత్తయ్యా?”

అడిగి ఆరు నెలలైంది. అప్పుడు అడగడం కాదు, అరవడం. ఇప్పుడు నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

అత్తగారు చేతిలోని తువ్వాలు మడత ఆపింది. “చెబితే నవ్వుతావు.”

“నవ్వను.”

“నువ్వు పనికి వెళ్లగానే రోజూ బీరువా తీసేదాన్నమ్మా. దాన్ని ముఖానికి పెట్టుకుని కూర్చునేదాన్ని. నువ్వు పొద్దున చూసేదానివి, నేను పగలంతా చూసేదాన్ని. ఇద్దరం దొంగచాటే.” ఆగింది. “ఓ రోజు ఎంత పీల్చినా వాడి వాసన రాలేదు. నా తలనూనె వాసన వచ్చింది. నీ పౌడరు వాసన వచ్చింది. ముట్టుకుని ముట్టుకుని మన వాసనే పట్టించేశాం. వాడెప్పుడో పోయాడు అందులోంచి. వాడు లేని గుడ్డను పట్టుకుని నువ్వు ఏడుస్తుంటే చూడలేక ఉతికేశాను.”

“నాకు ఆ రోజే చెప్పొచ్చుగా.”

“ఏమని చెప్పను? నీ మొగుడి వాసన నేనే చెరిపేశానని చెప్పనా?”

పంపులక్కకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. అత్తగారు ఆనని కళ్లతో తడుముకుంటూ వచ్చి ఆవిడ తల ఒళ్లోకి తీసుకుంది. తలనూనె వాసన వేసింది. పాయలు రెండు వైపులా తెరిచే ఉంటాయన్న సంగతి అప్పుడు తట్టింది ఆవిడకు. బల్బులోంచి గొట్టంలోకి కారితే గొట్టంలోంచి బల్బులోకీ వెళ్లి ఉంటుంది. పిచ్చుక భారజలం, పిచ్చుక మిథనాల్. ఏడు నెలలుగా రోజూ గుడ్డతో తుడిచి కాపాడుకున్న దానిలో ఆయనది ఎంత మిగిలిందో దేవుడికే తెలియాలి.

శనివారం పొద్దున సెలవు. పంపులక్క ఫోన్ చేసి పిచ్చుకను రమ్మంది. తాను ముందే వచ్చి, పెద్దసార్ బల్ల మీద రోజువారీ పుస్తకాన్ని తెరిచి పెట్టింది. కుడి బల్బు టిక్కుల మీద, ఏడు నెలల పేజీలన్నిటిలోనూ, ఒక్కొక్కటిగా కొట్టేసి పక్కన ‘చేయలేదు’ అని రాసి సంతకం పెట్టింది. రాసేసరికి గంటన్నర పట్టింది. చివర ఒక కాగితం మీద ‘తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు, అతుకుది కాదు’ అని రాసి పైన పెట్టింది.

పిచ్చుక రాగానే గొట్టం పక్కనే నిలబెట్టి చెప్పింది. దాచకుండా, సాకులు చెప్పకుండా, ఊపిరి సంగతి, టిక్కుల సంగతి, బుధవారమే పాయలు చూసిన సంగతి.

“నిన్న నన్ను అడుగుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు,” అంది పిచ్చుక.

“ఉన్నాను.”

“నా మీద నాకే నమ్మకం పోయిందక్కా. తాగించానో లేదో నిజంగానే గుర్తు రావడం లేదనుకున్నాను. పిచ్చెక్కిందనుకున్నాను.”

“తెలుసు.”

“తెలిసీ చేశానన్నావు.”

“అవును.”

పిచ్చుక కోపంగా గది ఆ చివరి దాకా వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడింది. పంపులక్క క్షమించమని అడగలేదు. అడిగే అర్హత లేదని ఆవిడకు తెలుసు. పంపు సణుగుతూనే ఉంది. కాసేపటికి పిచ్చుక తిరిగి వచ్చి కుడి బల్బును వంగి చూసింది. మూసిన ముక్కు చూసింది, దాని చుట్టూ ఇంకా మిగిలిన మసి చార చూసింది.

“దీన్ని ఇలాగే మంటతో మూసి, కోసి, నీకు ఇచ్చేయొచ్చుగా? ఇంటికి తీసుకెళ్దువుగాని.” గొంతులో కోపం ఉంది, అయినా అడిగింది.

“లోపల గాలి ఉండగా, పగలకుండా, మూసి కోయడం మాటలు కాదే. ఆ పని తెలిసిన చెయ్యి ఇక్కడ ఒక్కటే ఉండేది.”

పిచ్చుకకు అర్థమైంది. కళ్లు తుడుచుకుంది.

“అందుకే నిన్ను రమ్మన్నాను,” అంది పంపులక్క. “ఆ కుళాయి నువ్వు తిప్పు. నా చేతులతో నేను తిప్పలేను. ప్రయత్నించాను.”

“నువ్వు?”

“నేను బయట ఉంటాను. కిటికీలోంచి చెబుతాను, అప్పుడు తిప్పు. మెల్లగా.”

పంపు లాగిన గాలిని గదిలో వదలకూడదని ఒక గొట్టాన్ని గోడలోంచి బయటికి పెట్టారు. ప్రహరీకీ గదికీ మధ్య సందులో, పాత డబ్బాలు, ఎండిన మొక్కల కుండీలు ఉన్న చోట, నడుమెత్తున దాని మూతి ఉంటుంది. కింద గోడ మీద ఏళ్ల నూనె మరక. ఇరవై రెండేళ్లలో పంపులక్క అక్కడికి వచ్చింది గొట్టం శుభ్రం చేయడానికే. డబ్బాలు జరుపుకుని వెళ్లి, గోడకు ఆనుకుని నిలబడి, అరచేతిని ఆ మూతి ఎదురుగా పెట్టింది. ఏమీ రావడం లేదు. లోపల అంతా ఖాళీ, పంపు ఊరికే తిరుగుతోంది.

“తిప్పు,” అంది.

లోపల గాజు కదిలిన చప్పుడు వినబడలేదు. పంపు గొంతు మాత్రం మారింది. సణుగుడు పోయి, బరువు ఎత్తుకున్నట్టు గట్టిగా మూలిగింది. ఆ వెంటనే అరచేతికి గాలి తగిలింది.

ఎంతో లేదు. వేడి టీ మీద ఊదినంత. గోరువెచ్చగా ఉంది, అది పంపు వేడి. నూనె వాసన వేసింది, అది పంపు నూనె. ఆవిడకు ఇదంతా తెలుసు. తెలిసే చెయ్యి తీసి చెంప పెట్టింది. కళ్లు మూసుకుంది. గాలి ఇంకొంచెం వచ్చింది, ఇంకొంచెం పలచబడింది. ఆవిడ తన ఊపిరి బిగబట్టింది, అందులో తనది కలవకూడదని. తర్వాత చెంపకు ఏమీ తగల్లేదు. పంపు మళ్లీ మామూలుగా సణగడం మొదలుపెట్టింది.

ఏడు నెలలు దాచుకున్నది, నిమిషం కూడా పట్టలేదు.

చెంప తీయడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ లోపలికి వచ్చేసరికి పిచ్చుక ఒత్తిడి ముల్లు ముందు నిలబడి ఉంది. రెండు చేతులూ ఆ కుళాయి మీదే ఉన్నాయి.

“ఎంతుంది?” అంది పంపులక్క.

“అడుగంటిందక్కా. ఈ ఏడాదిలో ఇంత కిందికి ఎప్పుడూ పోలేదు.” పిచ్చుక ఆవిడ చెంప మీది నూనె మరకను చూసింది.

పంపులక్క అలమారలోంచి వేడి చేసే టేపు తీసింది. ఒక కొస పిచ్చుక చేతికిచ్చింది.

“చుట్టు,” అంది. “కుడి బల్బుకు కూడా.”